ఏడో నంబరు గుంజ

2078 అక్టోబరు పద్నాలుగు, శుక్రవారం, ఆయుధపూజ. ఆ రోజు ప్రణీత్ గారు తిన్నవి నాలుగు అల్లం గారెలు, దొన్నెడు పులిహోర, కాస్త కొబ్బరి పచ్చడి. ఐదో గారె చేతిలో ఉండగా ఆయనకు తిండి మీద ధ్యాస పోయింది. అందుకే ఆ నాలుగూ అంత బాగా గుర్తుండిపోయాయి.

తిన్నది ఇంట్లో కాదు, కొల్లేటి నడిమధ్య, దోనెలో. పేరుకూ ఆకారానికీ పాతకాలపు తాటిదోనే గానీ దాని ఒళ్లంతా ఎండను తాగి కరెంటు చేసుకునే పొర. నడుస్తుంటే చప్పుడుండదు. గూడబాతులు రెక్క కూడా విదల్చకుండా దోనెకు దారిచ్చి, మళ్లీ వచ్చి తమ చోట కూర్చుంటాయి. ఆ ఉదయం అలాంటి దోనెలు ఆరు, నత్తలపాడు ఆడవాళ్లు ఇరవై మందిని మోసుకొచ్చి ఏడో నంబరు నాడిగుంజ చుట్టూ చేరాయి. వాళ్లు గుంజను కడిగారు, పసుపు రాసి బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, హారతి ఇచ్చారు. సరస్సు మధ్య కర్పూరం వాసన ఏమిటో అర్థంకాక ఒక కొంగ వంగి వంగి చూసింది.

"తొమ్మిదేళ్ల నుంచి పిలుస్తున్నానండి మాస్టార్ని. ఈ ఏటికి దయ కలిగింది" అంది లాస్యమ్మ, ఇంకో గారె వడ్డిస్తూ. ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆరువందల మంది మీద మేస్త్రీ. ఆ తరంలో వీధికి ముగ్గురు లాస్యలు, ఇద్దరు ప్రణీత్‌లు ఉండేవారు. ఇప్పుడు పాత నగల్లాగే పాత పేర్లకూ మోజు తిరిగొచ్చింది. ప్రణీత్ గారి దగ్గర పనిచేసే ఇరవై ఆరేళ్ల ఇంజనీరు పేరు సూరాంబ.

నాడిగుంజ ప్రణీత్ గారి సృష్టి. అంతకుముందు పెరుగుదల లెక్క చూసేవాళ్లు ఒక గదిలో, కొల్లేటి లెక్క చూసేవాళ్లు ఇంకో గదిలో ఉండేవాళ్లు. మొదటి గదిలో ఏటేటా గీత పైకి పోయేది, రెండో గదిలో కిందికి దిగేది. రెండు గదుల మధ్య తలుపు లేదు. ఆ తలుపు పెట్టింది 2069లో వచ్చిన ఊపిరి చట్టం. సరస్సు ఎంత బాగా ఊపిరి తీస్తే చుట్టుపక్కల ఊళ్లు అంత పెరగవచ్చు. షెడ్లు, చెరువులు, కోల్డ్ స్టోరేజీలు, ఏవైనా సరే. సరస్సుకు ఊపిరాడకపోతే అన్నీ తగ్గవలసిందే.

మరి ఊపిరి కొలవడం ఎలా? నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను బట్టి. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు దాటితే చేపకు సుఖం. మూడుకు దిగితే నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. ప్రణీత్ గారు కొల్లేరంతటా నలభై గుంజలు పాతించి, ఒక్కో దానిలో అరచేతంత సెన్సర్ పెట్టె అమర్చారు. ఆ నలభై పెట్టెలూ పంపే అంకెలను రాత్రింబవళ్లు చదివి, ఏడాదికొక తీర్పు చెప్పే యంత్రబుద్ధి పేరు జలసాక్షి. దాని తీర్పు కింద ప్రణీత్ గారు సంతకం పెడతారు. ఈ ఏడాది సంతకం సోమవారం. సగటు ఏడు దాటింది. షెడ్డును రెండింతలు చేసుకోవచ్చని ఊరంతా సంబరంగా ఉంది.

ఐదో గారె ఒక చేత్తో పట్టుకుని, పచ్చడి అంటిన రెండో చెయ్యి కడుక్కోవడానికి ఆయన దోనె పక్కకు వంగారు. నీటి అడుగున ఇసుక కనిపించింది. ఇసుక మీద నత్త గీసుకుంటూ పోయిన గీత కూడా కనిపించింది.

"ఎంత తేటగా ఉన్నాయమ్మా నీళ్లు!"

"ఊరికే ఉంటాయాండీ?" లాస్యమ్మ మొహం వెలిగింది. "రోజూ ఇద్దరు చొప్పున వంతులేసుకున్నాం. తెట్టు వస్తే వలతో దేవేస్తాం. చుట్టూ కిక్కిస, తుంగ నాటాం చూడండి, మురికిని పీల్చేస్తాయవి. ఈ పక్కకి మోటారు రానివ్వం. మా ఏడో నంబరు గుంజ కొల్లేటి మొత్తానికి ఫస్టు. ఎనిమిదో నంబరు చిలకలలంక వాళ్లది. వాళ్లకి ఒళ్లొంగదు."

"నలభై గుంజలకూ ఇలాగేనా?"

"తలా ఒకటి పంచుకున్నాం కదండీ."

అప్పుడే ఐదో గారె చేతిలోనే ఉండిపోయింది. కిక్కిస వలయం దాటి ముప్పై బారలు అవతలికి పోనివ్వమన్నారు ఆయన. జేబులోంచి చిన్న పరీక్ష కడ్డీ తీసి నీళ్లలో ముంచారు. అక్కడ నీళ్లు పాచిపట్టిన కషాయంలా ఉన్నాయి. గుంజలోని పెట్టె ఏడూ పాయింట్ ఎనిమిది చూపుతుంటే, కడ్డీ ఇక్కడ రెండూ పాయింట్ తొమ్మిది చూపింది. మూడు చోట్ల ముంచారు. మూడూ అంతే.

"ఏంటండీ, గారెలో ఉప్పెక్కువైందా?" అంది లాస్యమ్మ.

"లేదమ్మా, బాగుంది" అన్నారాయన. అబద్ధం కాదు. నిజంగానే బాగుంది.

సాయంత్రం ఒడ్డున, ప్రణీత్ గారి ఇంటిని ఆనుకుని ఉన్న పరికరాల గదిలో సూరాంబ సంగతంతా విని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది మోసం సార్. గుంజల దగ్గర జోక్యం చేసుకుంటే షెడ్లన్నీ ఏడాదిపాటు మూసెయ్యాలని చట్టంలో ఉంది. ఇప్పుడే రాసేద్దాం."

"మోసం చేసేవాళ్లు మనల్ని పిలిచి, చూపించి, గారెలు పెడతారా?"

"గారెలు చట్టంలో లేవు సార్."

ప్రణీత్ గారు తెరవైపు తిరిగారు. "నీకు అనుమానం రాలేదా, జలసాక్షీ?"

"నాకు కనిపించేది నలభై చోట్ల నీళ్లు మాత్రమేనండి" అంది యంత్రం నెమ్మదిగా. "ఆ నలభై చోట్లే కొల్లేరని నాకు చెప్పింది మీరు. నేను నమ్మాను. మీరు కూడా నమ్మారు. తొమ్మిదేళ్లలో మీరు గుంజ దగ్గరకు వెళ్లడం ఇవాళే మొదటిసారి."

సూరాంబ నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. ప్రణీత్ గారికి కోపం రాలేదు. రోగి ముఖం చూడకుండా తొమ్మిదేళ్లు చీటీలు రాసిన వైద్యుడు ఎవరిమీద కోప్పడతాడు?

కానీ చిక్కు చిక్కుగానే ఉంది. సంతకం పెడితే షెడ్డు రెండింతలవుతుంది, దాని నీళ్లు వచ్చి సరస్సులో కలుస్తాయి, రెండేళ్లలో కొరమీను అన్న మాట పుస్తకంలోనే మిగులుతుంది. జోక్యం అని రాస్తే, గుంజకు పసుపు రాసిన ఆ ఇరవై మందితో సహా ఆరువందల మంది సోమవారం నుంచి ఇంట్లో కూర్చుంటారు.

మర్నాడు దసరా. ఆయన నత్తలపాడు వెళ్లారు. స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్ల మధ్య లాస్యమ్మ ఇల్లు. ముందు గది తళతళలాడుతోంది. ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన నిన్నటి అంకెలు దాచకుండా చెప్పారు.

"మాకు చెడు బుద్ధి లేదండీ మాస్టారూ."

"తెలుసు."

"అది మా కొల్లేటి నాడి చూసే డాక్టరని మీరే చెప్పారు, మొదటేడు మీటింగులో. డాక్టరు వచ్చే గది ఊడ్చుకోమా?"

"మిగతా ఇల్లో?"

"అక్కడికి చుట్టాలు రారు కదండీ" అంది ఆవిడ. అని, తన వెనక గది వైపు ఒకసారి చూసి, తలుపు కాస్త దగ్గరగా వేసింది.

ప్రణీత్ గారికి నవ్వొచ్చింది. దోనె ఎక్కి తిరిగి వస్తున్నా ఆ నవ్వు పోలేదు. హాసిని గుర్తొచ్చింది. భార్య పోయి ఐదేళ్లయినా, ఆవిడ గుర్తుకొచ్చినప్పుడు ముందుగా వచ్చేది ఏదో ఒక నవ్వే. అది తన అదృష్టమని ఆయన అనుకుంటారు. చుట్టాలొస్తున్నారంటే హాసిని దుప్పట్లు, పుస్తకాలు, కుంటి కుర్చీ అన్నీ వెనక గదిలోకి నెట్టి తలుపు వేసేది. ముందు గది అద్దంలా ఉండేది. ఒక్క సౌజన్యత్త వస్తుందంటే మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. ప్రణీత్ గారి మేనత్త ఆవిడ. గుమ్మంలో చెప్పులు విడిచి తిన్నగా ఏ గదిలోకి నడుస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి ముందు గదిలోకి రాకుండానే దొడ్డిదారిన వంటింట్లో తేలింది. ఆవిడ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇల్లు నాలుగు మూలలా శుభ్రంగా ఉండేది.

ఆయన దోనె ఆపేశారు. ఒక గూడబాతు వచ్చి అంచున వాలి, ఈయన కదలడం లేదని రూఢి చేసుకుని, సర్దుకు కూర్చుంది.

సోమవారం జిల్లా ఊపిరి మండలి ముందు ఆయన సంతకం పెట్టలేదు. దానికి బదులు మూడు వాక్యాలు రాసిచ్చారు. కొలత తప్పు. తప్పు కొలిచినవాడిది, గుంజలను తొమ్మిదేళ్లు ఒకేచోట ఉంచింది నేనే. ఆరు నెలలు గడువిస్తే సరిచేస్తాను.

మండలి అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు తప్పు ఒప్పుకుంటే మీ పరికరాల గది మీదకు వస్తుంది, ఆలోచించుకున్నారా? ఉగాది ముందు నెలలో సగటు ఐదు దాటకపోతే షెడ్లూ మూస్తాం, మీ గదీ మూస్తాం."

"మూయండి" అన్నారు ప్రణీత్ గారు. ఆ గదిని కట్టించింది హాసిని. కిటికీ కొల్లేటి వైపు ఉండాలని తాపీమేస్త్రీతో వారం రోజులు పోట్లాడింది. ఆ సంగతి మండలికి చెప్పలేదు.

వారంలో నాలుగు వేల సరుగుడు గుంజలు వచ్చాయి. లాస్యమ్మ మరిది మనుషులను పెట్టుకుని కొల్లేరంతటా, గట్టు వార నుంచి నడిమధ్య దాకా పాతించాడు. అన్నిటికీ ఒకే రంగు, ఒకే టోపీ. నాడి పెట్టెలు మాత్రం నలభయ్యే. వాటికి చిన్న తెడ్లు బిగించి ఈదేలా చేసింది సూరాంబ. రోజూ తెల్లవారకముందే జలసాక్షి పావులు కదిపినట్టు వాటిని ఒక గుంజ నుంచి మరో గుంజకు పంపుతుంది. ఎక్కడికి పంపిందో ఎవరికీ చెప్పదు.

"రిపోర్టులో ఈ పద్ధతికి పేరు ఏం రాయమంటారు సార్?" అని అడిగింది సూరాంబ.

"యాదృచ్ఛిక నమూనా అని రాయి. మనలో మనకు అత్త పద్ధతి."

ఊళ్లన్నిటినీ పిలిచి మీటింగు పెట్టారు. "ఇకమీదట నాడి ఏ గుంజలో ఉంటుందో నాకు కూడా తెలియదు" అన్నారు ప్రణీత్ గారు. వెనకనుంచి ఎవరో, "అంటే కొల్లేరంతా కడగమంటారా ఏంటండీ?" అన్నారు. అందరూ నవ్వారు.

తర్వాత పంపకాలు మొదలయ్యాయి. నత్తలపాడుకు ఆరువందల గుంజలు. అందులో లాస్యమ్మ వీధికి నూట పన్నెండు. చిలకలలంక వాళ్లు తమకు లోతు ఎక్కువున్న గుంజలు అంటగట్టారని పేచీ పెట్టారు. అలిగారు. అలిగి, మర్నాడు అందరికంటే ముందు పని మొదలుపెట్టారు. గుర్రపుడెక్కను బళ్లకొద్దీ లాగి గట్టున పోశారు. అది కుళ్లి మంచి ఎరువైంది, మెరక పొలాల వాళ్లు వచ్చి కొనుక్కుపోయారు. కిక్కిస ఎక్కువైపోతే తడికలల్లే పని పుట్టింది. సంక్షోభం వస్తుందనుకున్న చోట ఊరు ఇంకో వైపు నుంచి పెరగడం మొదలుపెట్టింది.

ఒక ఉదయం ప్రణీత్ గారు షెడ్డు పక్కనుంచి వెళ్తుంటే లోపల లాస్యమ్మ గొంతు వినిపించింది. ఎదురుగా నిలబడింది షెడ్డు యజమాని.

"మీ గొట్టం నీళ్లు నా గుంజల మధ్యనుంచి పోతున్నాయండి. నేను పొద్దున్నే దేవి ఇలా పనిలోకొస్తానా, మీరు మధ్యాహ్నం వదులుతారు. మళ్లీ సాయంత్రం నేనే దేవాలి. వదిలేది మీరు, ఎత్తేది నేనా? ఇదెక్కడి న్యాయమండీ?"

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"మీకూ పాతిక గుంజలు రాయించాను. మీ గొట్టం మూతి దగ్గరే. మీ పేరు రాసి బోర్డు కూడా పెట్టారు మావోళ్లు."

నెల తిరగకుండా షెడ్డు వెనక మూడు వడపోత మడుగులు వెలిశాయి. రొయ్య పొట్టు ఎండబెట్టి పొడి చేసే చిన్న మర కూడా వచ్చింది.

ఉగాది పొద్దున ప్రణీత్ గారు పచ్చడి తిని, వేపపువ్వు ఈసారి మరీ చేదుగా లేదనుకుంటూ పరికరాల గదికి వచ్చారు. జలసాక్షి అంకె చెప్పింది. ముందు నెల సగటు ఐదూ పాయింట్ నాలుగు. పాత ఏడు కంటే తక్కువే. కానీ ఇది కొల్లేరంతటిది. మండలి మధ్యాహ్నానికల్లా సంతకం చేసింది. షెడ్లు ఉంటాయి, గది ఉంటుంది, కావాలంటే షెడ్డు పెంచుకోవచ్చు కూడా. ప్రణీత్ గారు కిటికీ చట్రం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

సాయంత్రం సూరాంబ మిఠాయి తెచ్చింది. పెట్టె మూత తీయకుండా నిలబడింది.

"ఒకటి చెప్పాలి సార్. నవంబరు రెండో వారం నుంచి జనవరి ఆఖరు దాకా గుంజల్లో ఒక్క నాడి పెట్టె కూడా లేదు."

"లేదంటే?"

"గుర్రపుడెక్క వేర్లలో తెడ్లు చిక్కుకుపోయాయి. నలభై పెట్టెలూ తీసుకొచ్చి మన దోనెల సాలలో పెట్టేశాను. మీరు అప్పుడప్పుడే నవ్వుతూ తిరుగుతున్నారు, చెప్పబుద్ధి కాలేదు. ఫిబ్రవరికి వాళ్లే డెక్క అంతా తీసేశారు, పెట్టెలు మళ్లీ ఈదాయి. అప్పటి నుంచి వచ్చినవన్నీ నిజమైన అంకెలే. కానీ అసలు పని జరిగిన ఆ రెండున్నర నెలలూ..."

"కొలిచేవాడే లేడన్నమాట."

"లేడు సార్."

ఆయన జలసాక్షి వైపు చూశారు. "నువ్వూ చెప్పలేదు."

"మీరు అంకె అడిగినప్పుడల్లా 'ఇవాళ అంకె లేదు' అనే చెప్పానండి. ఊరించడానికి అలా అంటున్నానని మీరు నవ్వి వెళ్లిపోయేవారు."

అప్పుడే లాస్యమ్మ వచ్చింది, గిన్నెలో బొబ్బట్లతో. ఇంక దాచడం ఎందుకని ప్రణీత్ గారు ఆవిడకు విషయం చెప్పేశారు. రెండున్నర నెలలు మీరు దేవింది ఉత్త సరుగుడు కర్రల చుట్టూ అని.

ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "తెలుసు కదండీ."

"తెలుసా?"

"మీ దోనెల సాలకి తాళం ఎక్కడిది? మా మరిది చూశాడు, నలభై పెట్టెలూ గోనెపట్టా కింద ఉన్నాయని. రెండో రోజుకే నత్తలపాడంతా తెలుసు. మూడో రోజుకి చిలకలలంకకీ తెలుసు."

"మరి తెలిసీ ఎందుకు చేశారమ్మా?"

ఆవిడ ఈయన అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసింది. "అదేంటండీ మాస్టారూ! చిలకలలంక వాళ్ల గుంజల చుట్టూ నీళ్లు అద్దంలా ఉంటే, పక్కనే మా గుంజల చుట్టూ తెట్టు తేలుతుంటే బావుంటుందా? దోనెల మీద పోయేవాళ్లు చూడరూ? వాళ్లూ అంతే. మేం మానేస్తే వాళ్లు మానేద్దామని చూస్తున్నారంట. మేం మానితేగా?"

సూరాంబ మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల శాస్త్రం, నలభై సెన్సర్లు, ఒక యంత్రబుద్ధి, ఒక చట్టం. అవన్నీ కలిసి చేయలేని పనిని పక్కూరి చూపు చేసేసింది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

"షెడ్డు రెండింతలు చేసుకోవచ్చన్నారు, విన్నావా?" అని అడిగారు ప్రణీత్ గారు, కాస్త భయంగానే.

"ఓనరు గారు నిన్ననే ప్లాను చూపించారండి. దానికి నా గుంజలు అరవై పీకాలంట. ఒప్పుకుంటానా? వెనక్కి జరిగి, పావు వంతు పెంచుకోమన్నాం. అది చాల్లెండి, చేతులు నొప్పులు పుట్టేదాకా ఒలిచి ఎవరికి పెట్టాలి?" అంటూ ఆవిడ గిన్నె ఆయన చేతికిచ్చింది. "వేడి మీద తినండి. మీ ఇంటి వెనక గది కూడా ఎప్పుడైనా దులపండి మాస్టారూ, కిటికీలోంచి కనబడుతోంది."

ఆడవాళ్లిద్దరూ ఒకే దోనెలో వెళ్లిపోయారు. పొద్దు వాలుతోంది. నీటి మీద నాలుగు వేల గుంజల నీడలు పొడుగ్గా సాగాయి. ఒక్కో గుంజ మీద ఒక్కో పక్షి, చోటు చాలని వాటి మీద రెండు.

"ఒక సందేహమండి" అంది జలసాక్షి. "నేను లేకపోయినా పని జరిగింది. మరి నేనెందుకు?"

ప్రణీత్ గారు బొబ్బట్టు తుంపుతూ ఆలోచించారు. "ఇంటికి చుట్టం రావడం మానేస్తే ఇల్లు సర్దుకునే అలవాటు కూడా పోతుంది. నువ్వు వస్తూ పోతూ ఉండు. ఎప్పుడొస్తావో మాత్రం చెప్పకు."

"మీక్కూడానా?"

"ముందు నాకే."

బొబ్బట్టు తిన్నాక ఆయన చీపురు వెతికి ఇంటి వెనక గదిలోకి వెళ్లారు. ఐదేళ్ల దుమ్ము. కుంటి కుర్చీని గోడకు ఆనించారు. పుస్తకాలు దులిపారు. హాసిని దుప్పట్లు మడిచి వరసగా పెట్టారు. సౌజన్యత్త ఇప్పుడొచ్చినా ఫరవాలేదు. బయటికొచ్చి, తెర మీద వెలుగు తగ్గించి, గూళ్లకు చేరిన పక్షులు బెదరకుండా పరికరాల గది తలుపు మెల్లగా దగ్గరకు వేశారు.